చర్మం దాటాలా, చర్మంలో ఆగాలా? లిపిడ్ వాహకాల్లో ఏది మేలు?

ఫార్మసీ కాలేజీల్లో ఎం.ఫార్మ్ ప్రాజెక్టుల జాబితా తిరగేస్తే ఎథోజోమల్ జెల్ తగలకుండా ఉండదు. ఎథోజోమ్ అంటే మందును చర్మంలోకి మోసుకెళ్లే, ఆల్కహాల్ కలిపిన సూక్ష్మ కొవ్వు సంచి. ఎథోజోమే ఎందుకని అడగండి, "కొత్తది కద సార్, పెనెట్రేషన్ ఎక్కువ" అంటారు. ఎక్కువ సరే, ఎక్కడిదాకా వెళ్లాలి? వాహకాన్ని ఎంచుకోవడం ఈ ప్రశ్నతోనే మొదలుకావాలి.

చర్మం పైపొర, అంటే స్ట్రాటమ్ కార్నియమ్, మందం 10 నుంచి 20 మైక్రాన్లే. చచ్చిన కణాలు ఇటుకలైతే వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. అణుభారం 500 డాల్టన్లు దాటిన అణువు అందులోంచి దూరడం కష్టం. ఆ దారి కొవ్వుదే కాబట్టి మందును కొవ్వులోనే పెట్టి పంపుదామన్న ఆలోచన వచ్చింది.

ఇలాంటి కొవ్వు వాహకాల్లో పాతవి లైపోజోములు, అంటే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ సంచులు (వెసికిల్స్). 1960లలో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగ్‌హామ్ బృందం గుర్తించింది. మామూలు లైపోజోమ్ పైపొరలోనే చాలావరకు ఆగిపోతుంది. మందు రక్తంలో కలవాలంటే ఇది లోపం, చర్మవ్యాధికైతే ఇదే వరం. సోరియాసిస్‌కి వాడే డిత్రనాల్‌నే చూడండి. బాగా పనిచేస్తుంది గానీ చర్మం మండుతుంది, బట్టలకు వదలని మరకలు పడతాయి. చండీగఢ్‌లో పంజాబ్ యూనివర్సిటీ పరిశోధకులు దాన్ని 0.5 శాతం మోతాదులో లైపోజోమల్ జెల్‌గా చేస్తే మంట, మరకలు రెండూ తగ్గాయి. ఇక్కడ లోతుకు వెళ్లకపోవడమే మేలు చేసింది. నిల్వే తలనొప్పి: ఫాస్ఫోలిపిడ్ ఆక్సీకరణ చెందుతుంది, లోపలి మందు కారిపోతుంది.

ట్రాన్స్‌ఫర్‌సోములు 1990లలో జర్మనీలో గ్రెగర్ సెవ్క్ తెచ్చినవి. ఫాస్ఫోలిపిడ్‌కి సోడియం కోలేట్ లేదా ట్వీన్ 80 లాంటి సబ్బు గుణమున్న పదార్థం కలిపితే పొర మెత్తబడి, తనకన్నా ఇరుకైన సందులోంచి కూడా వంగి దూరుతుందని వాదన. దాన్ని లోపలికి లాగేది తేమలో తేడా: పైన పొడి, లోపల తడి. కాబట్టి రాసినచోట ప్లాస్టిక్ కట్టు కడితే ఆ తేడా పోయి పని చెడుతుంది. కీళ్లనొప్పులకు దీంట్లో కీటోప్రొఫెన్ అనే నొప్పి మందు పెట్టి ట్రయల్స్ చేస్తే, మందు లేని ఉత్త వెసికిల్ జెల్ కూడా దానికి తీసిపోలేదు. చివరికి మందు లేని జెల్‌నే ఫ్లెక్సిసెక్ పేరుతో అమ్మకానికి పెట్టారు! అందుకే దీన్ని నేను సగమే నమ్ముతాను.

ఎథోజోములు జెరూసలేంలో ఎల్కా టూయిటూ బృందానివి. ఇందులో 20 నుంచి 45 శాతం ఇథనాల్ ఉంటుంది. చేయడం సులువు: మూతపెట్టిన పాత్రలో సోయా లెసిథిన్‌ని ఇథనాల్‌లో కరిగించి, స్టిర్రర్ తిరుగుతుండగా సిరంజితో నీళ్లు సన్నని ధారగా వదలాలి. ద్రావకాన్ని ఆవిరి చేసే రోటరీ ఎవాపరేటర్ అక్కర్లేదు. ప్రాజెక్టుల్లో దీని గిరాకీకి ఇదీ ఒక కారణమని నా అనుమానం. మందును లోతుకు పంపడంలో మామూలు లైపోజోమ్ కన్నా ముందుంటుంది, నిజమే. కానీ ఎగ్జిమాతో పగిలిన చర్మం మీద చుర్రుమంటుంది. మూత బిగుతుగా లేకపోతే ఇథనాల్ ఆవిరైపోతుంది.

చర్మం కోసమే మందయితే నా ఓటు నానోస్ట్రక్చర్డ్ లిపిడ్ క్యారియర్ అనే సూక్ష్మ కొవ్వు రేణువుకి, అంటే ఎన్‌ఎల్‌సీకి. దీని అన్న, సాలిడ్ లిపిడ్ నానోపార్టికల్ అనే ఎస్‌ఎల్‌ఎన్‌లో అంతా ఘన కొవ్వే. నిల్వలో అది చక్కటి స్ఫటికంగా సర్దుకునేకొద్దీ మందును బయటకు నెట్టేస్తుంది. ఎన్‌ఎల్‌సీలో కాస్త ద్రవ నూనె కలుపుతారు, స్ఫటికం సరిగ్గా కుదరదు, మందు లోపలే ఉంటుంది. రాసినచోట పల్చని పొర కట్టి తేమ పోనివ్వదు. అంటే ట్రాన్స్‌ఫర్‌సోముకి పడనిదే దీనికి బలం. మొటిమలకు వాడే ట్రెటినాయిన్ లాంటి మండే మందుకి, పొడి చర్మానికి ఇదే నయం. పైగా కరిగించి హోమోజినైజర్‌లో వేస్తే చాలు, ఆర్గానిక్ సాల్వెంట్ గొడవ లేకుండా ఫ్యాక్టరీ స్థాయిలో తీయొచ్చు.

మందు రక్తంలోకే వెళ్లాలంటే ఎథోజోమ్ వైపు మొగ్గొచ్చు. అప్పుడు పోటీ సాదా జెల్‌తో కాదు, ప్యాచ్‌తో. పోలికలో అంతే శాతం ఇథనాల్ ఉన్న సాదా ద్రావణం కూడా పెట్టాలి. లేకపోతే ఘనత వెసికిల్‌దో, ఆల్కహాల్‌దో ఎలా తెలుస్తుంది? ఆ పోలిక సెల్లోఫేన్ పొర మీద చేస్తే కుదరదు. మందు జెల్‌లోంచి విడుదలైందని మాత్రమే అది చెబుతుంది. చర్మం దాటిందో లేదో చూడాలంటే, మధ్యలో చర్మపు ముక్క బిగించి పరీక్షించే పరికరం ఫ్రాంజ్ సెల్‌లో కనీసం పంది చెవి చర్మమైనా ఉండాలి.