నాస్తిక కేంద్రం, విజయవాడ: విశ్వాసులు కూడా చూడవలసిన చోటు

నాస్తికవాదులు, సంఘ సంస్కర్తలైన గోరా, సరస్వతి దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు తరలించిన ఈ కేంద్రాన్ని భక్తులకే ముందుగా సిఫారసు చేస్తాను. మహిమగా చెప్పుకునే నిప్పుల నడకను జనం ఎదుట తామే చేసి చూపి, కాళ్లు కాలకపోవడానికి కారణం వివరించిన పద్ధతి దీని అసలు బలం. నమ్మేవాణ్ణి కించపరచకుండానే నమ్మకాన్ని ప్రశ్నించవచ్చని అది నిరూపించింది. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఆ మాటలకు ఆచరణగా నిలిచాయి. మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013లో పుణెలో, ఎం.ఎం. కల్బుర్గిని 2015లో ధార్వాడలో కాల్చి చంపిన దేశం మనది. ఇటువంటి వేదికను కాపాడే బాధ్యత ఆస్తికులదే ఎక్కువ, మతం పేరిట తుపాకి పట్టినవాణ్ణి ఖండించే మొదటి గొంతు ఆ మతస్థులదే కావాలి గనుక. ఉపాధ్యాయులు హైస్కూలు విద్యార్థులను ఇక్కడికి తీసుకువెళ్లి, వారిని స్వేచ్ఛగా ప్రశ్నలు అడగనివ్వాలి.