మంద్ర షడ్జం దగ్గర బరబర: నాలుగేళ్లు వాడిన బ్లూటూత్ స్పీకర్

మా ఇంట్లో ఈ బ్లూటూత్ స్పీకర్‌కి నాలుగేళ్లు నిండాయి. నీళ్ల సీసా అంత గొట్టం, 10 వాట్లు, కొన్నప్పుడు 2,400 రూపాయలు. పాటలు వినడానికి కొన్నది కాదు. విశాఖలో సముద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో మా ఇల్లు. సాయంత్రాలు ముందుగదిలో పిల్లలకి సంగీతం చెబుతాను. ఫోన్‌లో తంబూరా యాప్ పెడితే శ్రుతి ఇందులోంచి వస్తుంది. రోజుకి రెండు మూడు గంటలు, ఆగకుండా, ఒకే నాదం. సినిమా పాటలో ఏదైనా చప్పుడు వచ్చినా డప్పుల్లో కలిసిపోతుంది. తంబూరాలో మాత్రం అన్నంలో రాయిలా తగులుతుంది. అందుకే దీనికి వచ్చిన ప్రతి రోగమూ నా చెవిన పడింది.

మొదటి రెండేళ్లు ఏ పేచీ పెట్టలేదు. ఒకసారి చార్జ్ చేస్తే ఎనిమిది గంటలు పలికేది. ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి ఆన్ కూడా చేయకుండానే, "వారంటీ అయిపోయింది మేడం, కొత్తది తీసుకోండి" అన్నాడు. చివరికి పూర్ణా మార్కెట్ వైపు ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "నాయిస్ వస్తోందండీ" అన్నాను. ఆయన స్పీకర్ ముట్టుకోలేదు. "ఎలా వస్తోందమ్మా? నోటితో చేసి చూపించండి" అన్నాడు. నలుగురు కస్టమర్ల ముందు, సంగీతం టీచర్ని, పెదాలు బిగించి బర్ర్‌మన్నాను. "అదా, బరబర. గరగర కాదు, చిటపట కాదు. అయితే బోర్డు మంచిదే" అని స్క్రూడ్రైవర్ తీశాడు.

ఆ రోజు నుంచి నేనూ ముందు శబ్దానికి పేరు పెట్టుకుంటున్నాను.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. అదే పాటని వైరున్న ఇయర్‌ఫోన్స్‌లో వినండి. అందులోనూ చప్పుడు ఉంటే తప్పు స్పీకర్‌ది కాదు. మా గురువుగారి పాఠాలు కొన్ని క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. వాటిలో సుయ్‌మనే హోరు టేపుదే, దాన్ని ఏ స్పీకరూ తీయలేదు. ఇది గుర్తించేలోపు స్పీకర్‌ని ఎన్నిసార్లు రీసెట్ చేశానో!

ఇక చిటపట. నాదం సాఫీగా వస్తూ వస్తూ టప్‌మని తెగి, మళ్లీ అతుక్కుంటుంది. సన్నగా పెట్టినా, గట్టిగా పెట్టినా ఒకేలా ఉంటుంది. ఇది వైర్‌లెస్ సిగ్నల్ తగువు. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. చాలా వైఫై రూటర్లదీ అదే వీధి, మైక్రోవేవ్ అవెన్‌దీ అదే. పాటలు పంపే బ్లూటూత్ ఆ వీధిలోని 79 చానళ్ల మధ్య సెకనుకి 1,600 సార్లు గెంతుతూ ఖాళీ వెతుక్కుంటుంది. అయినా రూటర్ పక్కనే కూర్చోబెడితే ఎక్కడికని గెంతుతుంది? మా ఇంట్లో రెండూ ఒకే అరలో ఉండేవి. స్పీకర్‌ని గదిలో ఇంకో మూలకి తెచ్చాను, ఫోన్‌ని రూటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను, ముప్పాతిక వంతు తగ్గింది. మిగిలిన పావు నా వల్లే. పాఠం చెబుతూ ఫోన్ నా వెనక పెట్టుకునేదాన్ని. ఒంట్లో ఉన్నది చాలావరకు నీరే, ఆ నీరు ఈ తరంగాలని మింగేస్తుంది. ఫోన్ ముందు పెట్టుకున్నాక మళ్లీ తెగలేదు.

గుయ్ అనే శబ్దం కథ వేరు. పాత రికార్డింగులు ల్యాప్‌టాప్ నుంచి ఆక్స్ వైరుతో, అంటే ఇయర్‌ఫోన్ సాకెట్‌లో గుచ్చే వైరుతో, వినిపిస్తుంటే వెనకాల తుమ్మెద తిరుగుతున్నట్టు ఒకటే గుయ్. ఒక సాయంత్రం కరెంటు పోయింది, గుయ్ కూడా పోయింది. కరెంటు వచ్చింది, అదీ వచ్చింది. పిల్లలు నవ్వారు కానీ నాకు దారి దొరికింది అక్కడే. ల్యాప్‌టాప్ చార్జరూ స్పీకర్ చార్జరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి, ఆక్స్ వైరు వాటిని ఇటు నుంచి కూడా కలిపేసింది. ఆ చుట్టులో తిరిగే కరెంటు చప్పుడే మనకి వినబడేది. రెండింటిలో ఏ చార్జర్ పీకినా సద్దు లేదు. బ్లూటూత్‌లో వింటే అసలు వైరే లేదు కాబట్టి ఈ గొడవే రాదు. వైరు తప్పనిసరైతే మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది. నేను కొనలేదు, క్లాసుకి ముందే చార్జ్ చేసి పెట్టుకుంటున్నాను.

నన్ను నిజంగా ఏడిపించింది బరబర. ఐదో శ్రుతిలో పెడితే మధ్య షడ్జం, అంటే మధ్య స్థాయి 'స', 196 హెర్ట్జ్. తంబూరాలో చివరి తీగ మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి 'స', అందులో సగం, 98. ఇంత చిన్న స్పీకర్‌కి ఆ కింది స్వరం సరిగ్గా పలకదు. దానితో పాటు పైన పలికే సన్నటి అనుస్వరాలని (హార్మోనిక్స్) బట్టి మన చెవే దాన్ని పూరించుకుంటుంది. కానీ పలకలేకపోయినా స్పీకర్ ప్రయత్నిస్తుంది, ఆ ప్రయత్నంలో వదులుగా ఉన్నదల్లా అదురుతుంది. మూడు తీగలు శుభ్రంగా మోగి నాలుగోది రాగానే బర్ర్. మా వారికి చెబితే, "తంబూరా అంటే అలాగే ఉంటుందిగా" అన్నారు. ఆయన మాటలోనూ కొంత న్యాయం ఉంది. తంబూరా బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు సర్దితే జుమ్మని విచ్చుకునే నాదం ఒకటుంది, దాన్ని జీవ అంటాం. తెలియని చెవికి అదీ ఇదీ ఒకటే. జీవ తీగతో పాటు మెల్లగా పూసి మెల్లగా వాడిపోతుంది. బరబర మాత్రం మీటిన క్షణంలో మొరిగి ఊరుకుంటుంది.

స్పీకర్‌ని షోకేస్ మీంచి తీసి చేత్తో పట్టుకుంటే సగం చప్పుడు పోయింది. అంటే ఆ సగం షోకేస్ అద్దానిది! అప్పటినుంచి మడత పెట్టిన తువ్వాలు మీదే కూర్చుంటోంది. మిగతా సగం కోసం ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, తక్కువ సౌండ్‌లో 80 నుంచి 300 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లాను. 100 అటూ ఇటూ రాగానే పట్టుకుంది. అక్కడే ఆపి, ఇంకో చేత్తో జల్లెడ లాంటి ముందు రేకుని, అంచుల్ని, చివర్లని వేలితో ఒక్కొక్కచోట నొక్కాను. కుడి చివరన నొక్కగానే నిశ్శబ్దం. గొట్టం రెండు చివరలా మెత్తగా ఊగే రబ్బరు బిళ్లలుంటాయి, ప్యాసివ్ రేడియేటర్ అంటారు. బేస్ కోసం పెట్టినవి. పిల్లలకి అవి ఆటబొమ్మలు, వచ్చిన ప్రతివాడూ ఒకసారి నొక్కి చూస్తాడు. అలా ఒక బిళ్ల అంచు అర అంగుళం మేర జిగురు వదిలేసింది.

పెద్దాయన దగ్గర నేను బర్ర్‌మన్నది దీని కోసమే. ఆయన అక్కడితో ఆగలేదు. లోపలి స్పీకర్ కోన్‌ని రెండు బొటనవేళ్లతో సమానంగా లోపలికి నొక్కి, వదిలి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. గీరుకుంటున్న చప్పుడు వస్తే కోన్ వెనకుండే తీగచుట్ట, కాయిల్, రాసుకుంటున్నట్టు, అప్పుడు ఆ లోపలి స్పీకరే మార్చాలట. నాది నిశ్శబ్దంగా కదిలింది. రబ్బరు జిగురు పూసి రాత్రంతా బరువు పెట్టి ఉంచాడు, 150 రూపాయలు తీసుకున్నాడు.

గరగర మూడో ఏడు చివర్లో వచ్చింది. గొంతు బొంగురు పోయినట్టు, గట్టిగా పాడిన చోటల్లా నాదం చిరిగిపోతుంది. సన్నగా పెడితే బాగానే ఉంటుంది. ముందు ఫోన్ ఈక్వలైజర్‌లో చూడండి, బేస్ బూస్ట్ ఆన్‌లో ఉంటే తీసేయండి. మా అబ్బాయి పెట్టి వదిలేసిన ఆ మీట ఒక్కటే నాకు రెండు వారాల టెన్షన్ తెచ్చింది. అది తీశాక కూడా, నిండా చార్జ్ చేసిన గంటకే మళ్లీ గరగర. చార్జర్ తగిలిస్తే మాయం. లోపలి లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, వాడేకొద్దీ దిగుతుంది. పాతబడిన సెల్ మీద గట్టి స్వరం బరువు పడగానే వోల్టేజ్ ఒక్కసారిగా కుంగుతుంది, ఆంప్లిఫయర్‌కి చాలినంత అందక నాదం కొసలు తెగిపోతాయి. చార్జర్ పెడదామంటే ఆక్స్‌లో గుయ్, తీద్దామంటే గరగర. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపల ఉన్నది 18650 అనే మామూలు సైజు గుండ్రటి సెల్. పెద్దాయనే మార్చాడు, మజూరీతో కలిపి 400. ఇది మాత్రం ఇంట్లో చేయకండి, సెల్‌కి నేరుగా సోల్డరింగ్ వేడి తగిలితే ప్రమాదం. మీ స్పీకర్‌లో చదునుగా ఉండే సంచి లాంటి బ్యాటరీ ఉండి, అది ఉబ్బినట్టు కనిపిస్తే చార్జింగ్ కూడా పెట్టొద్దు.

కరకర అని ఇంకోటుంది, ఆక్స్ పిన్ను తిప్పినప్పుడల్లా వస్తుంది. సముద్రపు గాలి ఊళ్లో ఇది మామూలే, సాకెట్ లోపల చిలుము పడుతుంది. స్పీకర్ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన సన్నటి దూది పుల్ల తిప్పితే సరి. నాకు ఏడాదికి రెండుసార్లు తప్పదు.

ఈ ధరలో ఇది మంచి స్పీకరేనా అంటే, మంచిదే. గాత్రం, వయొలిన్ స్పష్టంగా పలుకుతాయి. మృదంగం తొప్పి వైపు, అంటే మంద్రంగా మోగే ఎడమ వైపు, పస ఉండదు, దానికి ఈ సైజులో ఏదీ అంతే. మళ్లీ కొనాల్సి వస్తే మాత్రం మూత జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించినదే వెతుకుతాను. నాది స్క్రూలది కాబట్టే 550 రూపాయలతో బతికింది. సెల్ మార్చాక ఏడు గంటలు పలుకుతోంది. సౌండ్ పెంచే బటన్ రబ్బరు అరిగి లోపలికి పోయింది, పెన్ను మూతతో నొక్కుతున్నాను. రబ్బరు బిళ్లల మీద పిల్లల వేళ్లు పడకుండా మా అత్తగారు దానికో ఊలు తొడుగు అల్లి పెట్టారు, ముందువైపు మాత్రం తెరిచి.