పాత ఎంజీబీకి 165 టైర్లు: ఆరేళ్లు వాడాక

పార్కింగ్‌లోంచి కారు బయటికి తీయడానికి స్టీరింగ్ తిప్పాను, తిరిగింది. చదివేవాళ్లకు ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ అంతకుముందు ఏడాది పాటు అదే స్టీరింగ్‌తో భుజాలు నొప్పి పుట్టేలా కుస్తీ పట్టినవాడిని నేను. ఇంజన్ మారలేదు, స్టీరింగ్ ర్యాక్ మారలేదు, సస్పెన్షన్‌ని ముట్టుకోలేదు. నాలుగు టైర్లు మార్చానంతే, ఒక్కోటి 20 మిల్లీమీటర్లు సన్నవి. 2018 ఏప్రిల్ నాటి ఆ సంతోషం ఆరేళ్లు దాటినా తగ్గలేదు. మధ్యలో ఒకసారి కొండ మీద వానలో నిలబడిపోయాను. ఎందుకు నిలబడిపోయానో అర్థం కావడానికి తెనాలికి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆ సంగతి కూడా చెబుతాను.

కారు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారు. సైకిల్‌కి ఉన్నట్టు స్పోకులుండే వైర్ వీల్స్‌ది. నేనుండేది ఇంగ్లండ్‌లో, షెఫీల్డ్‌లో. ఆసుపత్రి ఉద్యోగం. మన దగ్గర ఇప్పుడు ఎంజీ అంటే హెక్టర్ గుర్తొస్తుంది కానీ, ఆ పేరు పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్ నుంచి. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్‌లో తయారయ్యాయి, గట్టి పైకప్పుండే జీటీ రకంతో కలిపి ఐదు లక్షలకు పైనే. దీని మీద నేను మనసు పడడానికి ఒక కారణం మా నాన్నగారి అంబాసిడర్. అందులో ఉన్న 1489 సీసీ ఇంజన్, దీనిలోని 1798 సీసీ ఇంజన్ ఒకే కుటుంబానివి, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆ శబ్దం వింటే తెనాలిలో మా ఇంటి వాకిలి కళ్ల ముందుకొస్తుంది.

2017లో కొన్నప్పుడు దీనికి 185/70 సైజు టైర్లున్నాయి, అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం. ఎంజీబీలకు చాలామంది అవే వేస్తారు. చూడ్డానికి నిండుగా ఉంటాయి. ట్రెడ్ కొత్తదానిలా ఉంది, నాకు అది చాలనిపించింది. రెండు నెలల తర్వాత కారు కడుగుతుంటే టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు కనిపించాయి: 0904. అంటే 2004లో తొమ్మిదో వారంలో తయారైనవి. పదమూడేళ్ల టైర్ల మీద మా ఆవిడని, పిల్లలని తిప్పుతున్నానని అప్పుడు తెలిసింది. ఏడాదికి రెండు వేల మైళ్లు తిరిగే కారుకి టైరు అరిగిపోయే లోపే ముసలిదైపోతుంది. ఇక్కడ నలభై ఏళ్లు దాటిన కార్లకు ఏటా చేసే ఎంఓటీ ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు, మన కార్ల సంగతి మనమే చూసుకోవాలి. టార్చ్ వేసి చూస్తే ట్రెడ్ చాళ్ల అడుగున సన్నటి బీటలు. పైగా వెనక ఎడమ టైరు, గుంటలో దిగినప్పుడల్లా మడ్‌గార్డ్ అంచుకి రాసుకుంటోంది.

మార్చక తప్పదన్నాక సైజు దగ్గర చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి ఆ కాలం ఎంజీబీలకు వాడిన 165 దగ్గరికే వచ్చాను. 165 సైజులో పక్క గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం కాబట్టి చక్రం మొత్తం ఎత్తు 185/70తో పోలిస్తే అయిదు మిల్లీమీటర్లే తేడా, స్పీడోమీటర్‌కి వచ్చే ఇబ్బందేమీ లేదు. వైర్ వీల్ రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలే. దాని మీద 185 టైరు పొట్ట బయటికొచ్చినట్టు ఉబ్బి కూర్చుంటుంది. 165 సరిగ్గా అమరుతుంది.

ఈ సైజు వెతికేవాళ్లకి ఒక జాగ్రత్త. 165 ఆర్ 14 (ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము అంగుళాలు) పక్కన ‘సి’ అక్షరం ఉన్న టైర్లు చవకగా కనిపిస్తాయి. అవి వ్యాన్లవి. బరువు మోయడానికి చేసినవి కాబట్టి పక్క గోడలు బిర్రుగా ఉంటాయి, టన్ను కూడా లేని ఈ కారుకి వాటితో పని లేదు. పిరెల్లి, మిషెలిన్ లాంటి కంపెనీలు పాత కార్ల కోసం అప్పటి నమూనాలను ఇప్పటి రబ్బరుతో మళ్లీ తయారు చేస్తున్నాయి. నేను తీసుకున్నవి కూడా అలాంటి పాత నమూనా టైర్లే. ధర మామూలు టైరుకి రెండింతలకు పైనే పడింది.

ఇక అసలు విషయం. ఈ కారుకి పవర్ స్టీరింగ్ లేదు. టైరు ఎంత వెడల్పుగా నేలను పట్టుకుంటే నిలబడిన చోట చక్రం తిప్పడం అంత బరువు. అది కొంత ఊహించాను. నేను ఊహించనిది మలుపుల్లో జరిగింది. పాత 185లతో మలుపు తిరుగుతుంటే కారు గట్టిగా పట్టుకునేది, పట్టుకునేది, ఎక్కడ వదిలేస్తుందో మాత్రం ముందు తెలిసేది కాదు. 165లు అలా కాదు. వేగం కాస్త ఎక్కువైందంటే స్టీరింగ్‌లో బరువు మెల్లగా తగ్గడం మొదలవుతుంది. వేళ్లకి ముందే కబురు అందుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గిస్తే చాలు, మళ్లీ దారికొస్తుంది. గంటకు నలభై మైళ్ల వేగంలోనే ఇదంతా అనుభవించవచ్చు. దీని సస్పెన్షన్ అరవైల నాటిది, అప్పటి సన్నటి టైర్లను మనసులో పెట్టుకుని చేసింది. ఎత్తైన పక్క గోడ కూడా సస్పెన్షన్‌లో భాగమే అన్నట్టు రోడ్డు అతుకుల మీద కారు మెత్తగా దాటుతుంది. మొదటి వేసవంతా ఆసుపత్రి నుంచి ఇంటికి పది నిమిషాల దారి ఉంటే నలభై నిమిషాలు తిరిగి వెళ్లాను.

ఇప్పుడు ఆ కొండ మీద కథ. 2019 సెప్టెంబరు, ఆదివారం. ఏ57 రోడ్డు మీద స్నేక్ పాస్ దాటి గ్లాసప్ దాకా వెళ్లి తిరిగొస్తున్నాం. షెఫీల్డ్‌కి, గ్లాసప్‌కి మధ్య ఉన్న కొండదారి అది, పైన 500 మీటర్ల ఎత్తు దాటుతుంది. చుట్టూ గడ్డి, రాయి తప్ప ఇల్లు కనబడదు. వాన మొదలైంది. దిగుడులో ఉండగా మా ఆవిడ, ‘‘ఏమండీ, కారు ఊగుతోందా? నాకే అలా ఉందా?’’ అంది. ఆమె మాట పూర్తయ్యేలోపే వెనక భాగం బురదలో నడిచినట్టు పక్కకి జరిగింది. బ్రేక్ తొక్కకుండా మెల్లగా ఎడమ అంచుకి తెచ్చి ఆపాను. వెనక ఎడమ టైరులో గాలి మొత్తం పోయింది.

వైర్ వీల్ ఉన్న కార్లలో ట్యూబు తప్పనిసరి. స్పోకులు రిమ్ములోంచి దూరి లోపలికి వస్తాయి కాబట్టి గాలి నిలవదు. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే ఆ మేకే బిరడాలా ఉండి గాలి నెమ్మదిగా పోతుంది, ఇంటికి చేరేంత టైమ్ ఇస్తుంది. ట్యూబు చిరిగితే మాత్రం వాల్వు రంధ్రంలోంచి, స్పోకుల సందుల్లోంచి ఒక్కసారిగా పోతుంది. ఆ తేడా ఏమిటో కొండ దిగుతుండగా తెలిసింది.

ఫోన్ సిగ్నల్ లేదు. చక్రాల కింద రాళ్లు పెట్టాం. ఈ చక్రాన్ని పట్టుకునేది మధ్యలో ఉండే రెండు చెవుల నట్టు ఒక్కటే. రాగి మొహం ఉన్న సుత్తితో దాని చెవి మీద కొట్టి వదులు చేయాలి. కారుకి ఒక వైపు మర ఒకలా, రెండో వైపు దానికి ఎదురుగా ఉంటుంది. విప్పే దిక్కు నట్టు మీదే బాణం గుర్తుతో రాసి ఉంటుంది కానీ, వానలో, టెన్షన్‌లో ఆ బాణం చూడకుండా రెండు దెబ్బలు బిగించే వైపే కొట్టాను. మా ఆవిడ గొడుగు నాకు పట్టి తను తడిసింది. కార్లు మా పక్కనుంచే నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. నలభై నిమిషాలు పట్టింది. లేడీబవర్ రిజర్వాయర్ దాకా వచ్చి టీ తాగేవరకు ఇద్దరం మాట్లాడుకోలేదు.

మేకు గుచ్చుకుని ఉంటుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత టైరు విప్పిస్తే మేకు లేదు, ముల్లు లేదు. లోపల కాటుక లాంటి నల్లటి రబ్బరు పొడి. ట్యూబు ఒక వరసలో అరిగి అరిగి పల్చబడి, రెండు అంగుళాల మేర చిరిగింది. సరిగ్గా ఆ వరసలోనే, టైరు లోపల ఒక కాగితం స్టిక్కర్ అంటుకుని ఉంది. ఎవరూ పీకలేదు. గాలి లేకుండా కాస్త దూరం దొర్లినందుకు టైరు పక్క గోడ లోపల చుట్టూ నలిగిపోయింది, దాన్ని పారేయాల్సిందే అన్నారు. ఏడాదిన్నర టైరు.

ఆ రాత్రి మాటల్లో నాన్నకి చెప్పాను. ఆయన మొదటి ప్రశ్న, ‘‘పౌడరు వేశారట్రా?’’

‘‘ఏం పౌడరు నాన్నా?’’

‘‘పౌడరు చల్లకుండా ట్యూబు ఎలా ఎక్కిస్తార్రా? మన బస్టాండు దగ్గర పంక్చరు షాపులో చూశావు కదా చిన్నప్పుడు. టైరు లోపల చెయ్యి పెట్టి మొత్తం తడిమి చూసేవాడు, తర్వాత పౌడరు చల్లి రుద్దేవాడు.’’

చూశాను. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వెతకడమే నాకు గుర్తుంది, ఎందుకంటే పిల్లలకి అదే బాగుంటుంది. డబ్బాలోంచి చల్లే ఆ తెల్ల పౌడరు సంగతి పూర్తిగా మర్చిపోయాను. రేడియల్ టైరు పక్క గోడ చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తుంది. లోపల ట్యూబు దానికి రాసుకుంటూనే ఉంటుంది. పౌడరు ఉంటే జారుతుంది, లేకపోతే అరుగుతుంది. ఇప్పటి టైర్లు ట్యూబ్‌లెస్ వాడకానికే చేస్తారు కాబట్టి చాలావాటికి లోపల నున్నగా ఉండదు, సన్నటి గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. దానికి తోడు స్టిక్కర్. నాకు టైర్లు ఎక్కించింది ఊళ్లో ఒక పెద్ద టైర్ల షాపు. అక్కడి కుర్రాడు రోజంతా ట్యూబ్‌లెస్ టైర్లే ఎక్కిస్తాడు. అతని మీద నాకు కోపం లేదు. నాలుగు ట్యూబులకి, నాలుగు ఎక్కింపులకి లెక్కగా డబ్బు తీసుకుని, ఈ పని మాకు అలవాటు లేదని ఒక్క మాట చెప్పని ఆ షాపు మీద మాత్రం ఇప్పటికీ ఉంది.

మిగతా మూడు కూడా విప్పించాను. రెండింట్లో ట్యూబు అప్పటికే నునుపుదేలి మెరుస్తోంది. ఈసారి పాత కార్ల పనే చేసే ఒక చిన్న వర్క్‌షాపుకి వెళ్లాను. డెబ్బై ఏళ్లు ఉంటాయి ఆయనకి. ముందు రిమ్ము లోపల పొడుచుకొచ్చిన స్పోకు కొసల్ని ఆకురాయితో అరగదీశాడు. వాటి మీద రబ్బరు పట్టీ చుట్టాడు. లారీ టైర్లకు మనవాళ్లు వేసే ఫ్లాప్ లాంటిదే, సన్నగా ఉంటుంది. స్టిక్కర్లు పీకి జిగురు తుడిచాడు. తర్వాత ఒక డబ్బా తీసి తెల్ల పౌడరు చల్లి చేత్తో లోపలంతా రుద్దాడు. ఫ్రెంచ్ చాక్ అంటారట ఇక్కడ. రేడియల్‌కి పనికొస్తుందని రాసి ఉన్న ట్యూబులే వేశాడు. గాలి కొట్టి, మొత్తం తీసేసి, మళ్లీ కొట్టాడు, ట్యూబులో మడతలు ఉంటే విడిపోవడానికి. నేను ఆ డబ్బా ఫొటో తీసి నాన్నకి పంపించాను. ‘‘అదీ’’ అని ఒక్క ముక్క రాశారు.

బ్యాలెన్సింగ్ కూడా అక్కడే. వైర్ వీల్‌ని మామూలు మెషిన్ మీద బిగిస్తే మధ్యలో సరిగ్గా కూర్చోదు, దానికి తగిన కోన్లు కావాలి. 60 మైళ్ల దగ్గర ఉన్న వణుకు దాంతో పోయింది. గాలి నేను ముందు 24 పీఎస్ఐ, వెనక 26 పెడుతున్నాను. ఏ షాపుకి వెళ్లినా అలవాటుగా 32 కొట్టేస్తారు. అలా కొడితే కారు బంతిలా ఎగురుతుంది, నేను పొగిడిన ఆ స్టీరింగ్ సగం పోతుంది. ఆ తర్వాత ఈ అయిదేళ్లలో ఒక్కసారి కూడా పంక్చరు కాలేదు. ఇప్పటిదాకా మొత్తం 14 వేల మైళ్లు.

మొదటి వేసవిలో నేను ఈ టైర్లను అందరికీ చెప్పాను. మాంచెస్టర్‌లో ఉండే ఒక స్నేహితుడికి కూడా కళ్లు మూసుకుని వేయించుకోమన్నాను. అతను ఎంజీబీలోనే మోటార్‌వే మీద రోజూ పనికి వెళ్తాడు, వానైనా చలైనా. ఒక శీతాకాలం గడిచాక అతను సంతోషంగా లేడు. నాకూ 2021 నవంబరులో హాదర్‌సేజ్ దగ్గర తెలిసొచ్చింది. వాన వెలిసిన రోడ్డు, రాలిన ఆకులు, ముందు పాదచారులు దాటే చోటు. బ్రేక్ తొక్కితే ముందు చక్రాలు లాక్ అయ్యాయి. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు కదా. గీత దాటి కారు పొడవంత ముందుకెళ్లి ఆగింది. ఎవరూ దాటడం లేదు. సన్నటి టైరు నిలిచిన నీళ్లను బాగానే చీల్చుకుంటుంది. కానీ చలిలో, తడిలో గట్టిగా ఆగాలంటే పాత నమూనా ట్రెడ్డు ఇప్పటి మంచి టైరుకి సాటి రాదని ఆ రోజు ఒప్పుకున్నాను. అప్పటినుంచి నవంబరు నుంచి మార్చి దాకా కారు షెడ్డులోనే. రోడ్ల మీద చల్లే ఉప్పుకి బాడీ తుప్పు పట్టకుండా కూడా అదే మంచిది.

కాబట్టి నేను ‘వేయించుకోండి’ అనేది నాలాంటివాళ్లకే. నాకు పనికి వెళ్లడానికి వేరే కారుంది. దీన్ని పొడి రోజుల్లో, కొండ రోడ్ల మీద, తిప్పడం కోసమే తిప్పుతాను. రోజూ నడపాల్సిన కారైతే, మామూలు ఉక్కు చక్రాలు గానీ అల్లాయ్ వీల్స్ గానీ పెట్టించి, ట్యూబు గొడవ లేని ఇప్పటి టైర్లు వేసుకోవడమే నయం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఫియట్, హెరాల్డ్ ఉంచుకున్నవాళ్లకి నా సైజు పనికిరాదు, వాన సంగతీ వేరు. ట్యూబు ఎక్కించే పని తెలిసినవాళ్లు మాత్రం మీ వీధి చివరే ఇంకా ఉంటారు.

నా టైర్ల మీద తేదీ 0618. ట్రెడ్డు సగానికి పైనే ఉంది. వెనక ఎడమది మాత్రం 2019లో కొన్నది. వచ్చే ఏప్రిల్‌కి నాలుగూ మార్చేద్దామనుకుంటున్నాను. సైజు 165 అనేది ఖాయం. పాత నమూనానే తీసుకోవాలా, అదే సైజులో ఇప్పటి ట్రెడ్డు ఉన్నది తీసుకోవాలా అనేది ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడ రెండోదే అంటోంది. ఆ పెద్దాయన వర్క్‌షాపులో ఇప్పటికే ఒక శనివారం చెప్పి ఉంచాను.