పిల్లల వాంగ్మూలం వీడియో: కాపీ ఇవ్వడమా, చూపించడమా?

పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) 26వ సెక్షన్ ప్రకారం, వీలైన చోట పిల్లల వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో కూడా రికార్డు చేయాలి. మరి అది ముద్దాయి లాయరుకు ఎలా అందాలి?

కాపీ చేతికిస్తే మాటమాటా తీరిగ్గా సరిచూసుకోవచ్చు. పోలీసుల ప్రశ్నలోనే జవాబు ఇరికించారా అన్నది అలాగే తేలుతుంది. ఆ హక్కు చిన్నదేమీ కాదు. కానీ పెన్‌డ్రైవ్ ఒకసారి గడప దాటాక ఎన్ని ఫోన్లకు పాకిందో ఎవరు చెప్పగలరు? కాగితం మీదైతే పేరు కొట్టేయొచ్చు. వీడియోలో ముఖం, గొంతు, ఏడుపు అన్నీ ఆ బిడ్డవే. గుర్తింపు బయటపెడితే 23వ సెక్షన్ కింద శిక్ష ఉంది, నిజమే. పాకిన వీడియోను ఆ శిక్ష వెనక్కి తేలేదు.

చూడనిచ్చి, కాపీ ఇవ్వకపోవడం రెండో దారి. 2019లో ఒక కేరళ కేసులో బాధితురాలి గోప్యత కోసం సుప్రీంకోర్టు ఇదే ఎంచుకుంది. అది పెద్దవాళ్ల కేసు. పిల్లలకైతే ఇదే సరైన దారని నా గట్టి నమ్మకం. నిపుణుణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ మళ్లీ చూసే వీలు మాత్రం లాయరుకు ఉండాలి.