మాడిన స్టీలు గిన్నెకు తినే సోడా: ఏళ్ల తరబడి వాడాక

స్టీలు గిన్నె అడుగంటితే తినే సోడాను మించింది నాకు ఇంతవరకు దొరకలేదు. సీసాల్లో వచ్చే ఖరీదైన క్లీనర్లూ వాడి చూశాను. చివరికి మా గుంటూరు వంటింట్లో నిలిచింది మాత్రం పట్నం బజారు కిరాణా కొట్లో తెచ్చుకునే ఈ తెల్ల పొడే.

మాడు మునిగేదాకా నీళ్లు పోసి, లీటరుకు రెండు పెద్ద చెంచాల సోడా కలిపి, ఆ తర్వాతే స్టవ్ వెలిగించాలి. సలసల మరిగే నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగి పొయ్యంతా పాడవుతుంది. సన్న సెగ మీద పావుగంట మరిగితే చాలు. ఆ వేడికి తినే సోడాలో కొంత చాకలి సోడాగా మారుతుంది. ఇది ఇంకా ఘాటైన క్షారం కాబట్టి మాడులోని జిడ్డు పట్టు వదులుతుంది. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, అంచుల దగ్గర పెచ్చులు లేస్తాయి. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున చెక్క అట్లకాడతో నెట్టేయొచ్చు. మాడిన పాలకైతే ఒక్కసారితో సరి. ముద్దపప్పు బొగ్గయిపోతే మాత్రం రెండోసారి మరిగించక తప్పదు.

మాది బోరు నీళ్లు. సోడా మరిగించాక గిన్నె లోపల సున్నం కొట్టినట్టు పల్చటి తెల్లపొర మిగులుతుంది. నీళ్లలోని కాల్షియమే సోడాతో కలిసి అలా పేరుకుంటుంది. గిన్నె కడిగేశాక నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. సోడా, నిమ్మరసం ఒకేసారి కలిపి పోయమని చాలామంది చెబుతారు. నురగ బాగానే వస్తుంది గానీ ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తాయి. విడివిడిగా వాడండి.

గిన్నె బయట, అడుగున గట్టిపడిపోయిన గోధుమరంగు నూనె మరకల దగ్గర సోడా అంతగా పనిచేయదు. ముద్దలా పట్టించి ఉంచినా చివరికి పీచుతో తోమాల్సిందే. అల్యూమినియం కుక్కర్‌కైతే అసలు వాడొద్దు, నల్లబడిపోతుంది. దానికి చింతపండు నీళ్లు మరిగించండి. ఇనప పెనానికీ వద్దు. ఏళ్లుగా పట్టిన నూనె పొర ఊడిపోయి దోసెలు అంటుకుంటాయి.

నాకు ఇది నచ్చడానికి అసలు కారణం వేరే ఉంది. మాడిన గిన్నెను అలాగే సింక్‌లో పడేస్తే పనిచేసే ఆవిడ స్టీలు పీచుతో గంటసేపు గీకాలి. ఆ పీచు వేళ్లను కోసేస్తుంది, గిన్నెకూ గీతలు పడతాయి, ఆ గీతల్లో ఈసారి మాడు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రాత్రి పడుకునే ముందు ఎవరు మాడ్చారో వాళ్లే సోడా వేసి మరిగించి పెడితే ఆవిడకు ఆ బాధ తప్పుతుంది.

కొనేటప్పుడు బేకింగ్ పౌడర్ కాకుండా తినే సోడా అని అడిగి తీసుకోండి. పౌడర్‌లో పులుపు గుణమున్న పదార్థం ముందే కలిపి ఉంటుంది, అది మాడును కదిలించలేదు.