తంపానూరు ఇండియన్ కాఫీ హౌస్: దోశ సంగతి తర్వాత, ముందు సర్వర్ల సంగతి చెప్తా

తిరువనంతపురం ఎవరెళ్ళొచ్చినా పద్మనాభస్వామి గుడి గురించో కోవళం బీచ్ గురించో చెప్తారు, నేను మాత్రం రైల్వే స్టేషన్లోంచి బయటికొచ్చి రోడ్డు దాటితే తంపానూరు బస్టాండ్ పక్కన కనబడే ఎర్ర ఇటుకల బురుజు గురించి చెప్తా. బురుజు అన్నది ఊరికే అన్లేదు, నిజంగానే గుండ్రంగా పైకి తిరుగుతూ పోతుంది, గోడ నిండా చిల్లులు. మా అమ్మ చూడగానే "ఏందిరా ఇది, పావురాల గూడా?" అంది. అదే ఇండియన్ కాఫీ హౌస్.

మొన్న డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని కన్యాకుమారి పోయొచ్చాం. శబరి ఎక్స్‌ప్రెస్‌లో తెనాలిలో ఎక్కిన దగ్గర్నుంచీ బోగీ నిండా స్వాములే, శరణుఘోషలో నిద్ర కూడా సరిగ్గా పట్టలా. తిరుగు ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం ఇక్కడికెళ్ళాం. ఇంకో మాట ముందే చెప్పేస్తా, నేను హైదరాబాద్‌లో ఓ రెస్టారెంట్‌లో నాలుగేళ్ళు కెప్టెన్‌గా, అంటే సర్వర్ల మీద పెద్దగా చేశా, అందుకే హోటల్‌కెళ్తే తిండి కన్నా ముందు సర్వీస్ మీదే పడుతుంది నా కన్ను, ఈ రివ్యూ కూడా అట్టాగే ఉంటుంది, ఓపికుంటేనే చదవండి.

బిల్డింగ్ కట్టింది లారీ బేకర్. ఇంగ్లాండ్‌లో పుట్టి ఇక్కడికొచ్చి స్థిరపడి కేరళ అంతా తక్కువ ఖర్చుతో ఇటుకల ఇళ్ళు కట్టినాయన, 2007లో పోయారు. లోపల అంతస్తులంటూ ఉండవు, ఒకటే ర్యాంపు, నత్తగుల్లలో పాకినట్టు చుట్టూ తిరుగుతూ పైకెళ్ళిపోతుంది. గోడ వెంబడి టేబుళ్ళు, బెంచీలు కూడా కట్టడంలోనే కట్టేశారు, జరపడానికి లేదు లాగడానికి లేదు. నేల వాలుగా ఉన్నా మనం కూర్చునే చోటు మాత్రం సమంగా ఉంటుంది, దానికి లెక్కేదో వేసుంటాడు మహానుభావుడు. గోడ చిల్లుల్లోంచి గాలీ వెలుతురూ వస్తుంటాయి, అవే కిటికీలు. లిఫ్ట్ లేదు. మా అమ్మ మోకాళ్ళు ఒక చుట్టు వరకే ఒప్పుకున్నాయి, అక్కడే కూలబడ్డాం.

ఇప్పుడు అసలు విషయం. సర్వర్లు తెల్ల యూనిఫాం, నడుముకి వెడల్పాటి బెల్టు, తల మీద గంజి పెట్టిన తలపాగా, దాని కుచ్చు విసనకర్రలా విచ్చుకుని నిలబడి ఉంటుంది. తెల్లదొరల కాలం నాటి బేరర్ల వేషం అది. చూస్తే ఏదో జమీందారు గారి బంగ్లాలో పనోళ్ళలా ఉంటారు, కానీ తమాషా ఏంటంటే ఆ హోటల్‌కి ఓనర్లు వాళ్ళే. నిజంగా చెప్తున్నా, సేటు లేడు, ఫ్రాంచైజీ లేదు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఓనర్ గారి బావమరిది లేడు. వర్కర్ల కోఆపరేటివ్ సొసైటీ అది, అందులో పనిచేసేవాళ్ళే షేరు కట్టిన మెంబర్లు, బోర్డుని కూడా ఓట్లేసి వాళ్ళే ఎన్నుకుంటారు.

మా టేబుల్‌కి వచ్చినాయన యాభై దాటినాయన. మూడు దోశ ప్లేట్లు ఎడమ చేతి మీద వరసగా పేర్చుకుని, కుడి చేత్తో ట్రేలో మూడు కాఫీలు పట్టుకుని ఆ వాలు ర్యాంపు ఎక్కొచ్చాడు. కప్పు కింద సాసర్ చూశా, ఒక్క చుక్క ఒలకలా. సమంగా ఉండే నేల మీద ఆ పని నేర్చుకోడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. ప్లేట్లు పెట్టి, నవ్వకుండా, వంగకుండా, "ఇంకేమన్నా కావాలా" అన్నట్టు ఒకసారి తలూపి వెళ్ళిపోయాడు. నవ్వలేదని కొంతమంది స్టార్లు తగ్గిస్తారేమో, నేను మాత్రం ఆ నవ్వకపోవడానికే ఒక స్టార్ ఎక్కువిస్తా. ఎందుకంటే నేను చేసిన చోట (పేరెందుకులెండి) గెస్ట్ అమ్మనాబూతులు తిట్టినా మన పళ్ళు కనబడాలి, టిప్పులన్నీ ఒక డబ్బాలో వేయించేవాళ్ళు, నెలాఖరుకి పగిలిన గ్లాసులకీ పోయిన స్పూన్లకీ పట్టుకున్నాం అని చెప్పి సగం కూడా చేతికొచ్చేది కాదు. ఆ నవ్వు ఎంత కష్టమో చేసినోడికే తెలుసు.

తిండి సంగతి క్లుప్తంగా చెప్తా. మసాలా దోశలో బంగాళదుంపతో పాటు బీట్‌రూట్ వేస్తారు, విప్పితే లోపల కుంకుమ రంగు. కేరళ కాఫీ హౌసుల్లో ఇదే ఫేమస్. కట్లెట్ కూడా అంతే, పక్కన టమాటా సాస్. మన గుంటూరు నాలుకకి తియ్యగా అనిపిస్తుంది, మా అమ్మ "దోశలో చెరుకు పిండారా ఏంది" అంది, కానీ ప్లేట్ ఖాళీ చేసింది. కట్లెట్ మాత్రం నాకు బాగా నచ్చింది, ఇంకోటి చెప్పా. కాఫీ మన ఇళ్ళల్లో తాగే డికాషన్ కాఫీ అంత చిక్కగా ఉండదు, సాదాగా ఉంటుంది, కానీ బిల్లొచ్చాక ఇది ముగ్గురిదేనా అని మళ్ళీ అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాం, అంత తక్కువ.

గోడ మీద ఒకాయన ఫోటో ఉంది. కేరళ బ్రాంచుల్లో చాలా చోట్ల ఉంటుందట. నేనెవరో పాత మేనేజర్ అనుకున్నా. మా నాన్న అద్దాలు సర్దుకుని చూసి "ఏకే గోపాలన్ కదరా" అన్నాడు. నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, సర్వీసంతా యూనియన్ చందా రసీదులు ఒక్కటి కూడా పారెయ్యకుండా ఇనప్పెట్టెలో దాచినాయన, ఇట్టాంటి విషయాలు అడక్కపోయినా చెప్తాడు. గోపాలన్ కేరళ కమ్యూనిస్టు నాయకుడు, అక్కడ ఏకేజీ అంటారు. ముందు స్కూల్ మాస్టారు, తర్వాత స్వాతంత్య్ర పోరాటం, 1947 ఆగస్టు 15న దేశమంతా జెండాలెగరేస్తుంటే ఆయన కన్నూర్ జైల్లో ఉన్నారు. లా చదివినోళ్ళకి విచారణ లేకుండా జైల్లో పెట్టడం మీద నడిచిన 1950 నాటి గోపాలన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ మద్రాస్ కేసు తెలిసే ఉంటుంది, ఆ గోపాలన్ ఈయనే. 1952 నుంచి చనిపోయిన 1977 దాకా లోక్‌సభ మెంబర్. "1964లో పార్టీ చీలినప్పుడు మన తెనాలిలోనే మీటింగ్ పెట్టారు, సుందరయ్య గారితో పాటు నేషనల్ కౌన్సిల్లోంచి బయటికొచ్చిన ముప్ఫై రెండు మందిలో ఈయనొకడు" అని నాన్న దోశ పక్కన పెట్టి మరీ చెప్తున్నాడు, అమ్మేమో చల్లారిపోద్ది తినమని గోల.

మరి హోటల్ గోడ మీద ఆయనెందుకున్నాడంటే కథ ఉంది. ఈ కాఫీ హౌసులు మొదట కార్మికులవి కాదు. మన కాఫీని మనవాళ్ళకే అలవాటు చేసి అమ్ముకోవాలని కాఫీ సెస్ కమిటీ అనే సర్కారు సంస్థ వాళ్ళు 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటిది తెరిచారు, పేరు ఇండియా కాఫీ హౌస్. తర్వాత కాఫీ బోర్డు చేతికొచ్చి 1940లలో దేశమంతా యాభై దాకా అయ్యాయి. 1950ల మధ్యకొచ్చేసరికి బోర్డు ఇవన్నీ మూసేద్దామని తీర్మానించింది, సర్వర్లు, వంటవాళ్ళు, క్లీనర్లు అందరికీ ఇళ్ళకెళ్ళిపొమ్మని నోటీసులు. అయితే వాళ్ళకప్పటికే ఒక యూనియన్ ఉంది, ఇండియా కాఫీ బోర్డ్ లేబర్ యూనియన్. ఏకేజీ వాళ్ళ తరఫున నిలబడ్డారు, నెహ్రూ దాకా వెళ్ళారు. మామూలుగా యూనియన్ అంటే ఏమడుగుతుంది, మూసెయ్యొద్దు, మూస్తే నష్టపరిహారం ఇవ్వు అంటుంది కదా, వీళ్ళు అక్కడితో ఆగకుండా "మీకు వద్దంటే మాకిచ్చెయ్యండి, మేమే నడుపుకుంటాం" అన్నారు. నాకు నచ్చిందదే. తలా కొంత వేసుకుని సొసైటీలు పెట్టుకున్నారు. మొదటి సొసైటీ 1957 ఆగస్టులో బెంగళూరులో, అదే ఏడు అక్టోబర్ 27న ఢిల్లీలో హోటల్ తెరిచారు. ఇండియా కాస్తా ఇండియన్ అయింది, ఒక్క అక్షరమే పెరిగింది కానీ గల్లాపెట్టె తాళం చేతులు మారింది.

కేరళలో మొదటిది త్రిశ్శూర్‌లో, 1958 మార్చి 8న ఏకేజీయే ఓపెన్ చేశారు. అక్కడ పనంతా భుజానేసుకుంది ఎన్.ఎస్. పరమేశ్వరన్ పిళ్ళై అని యూనియన్ నాయకుడు, ఆయన్ని అక్కడ జనం కాఫీ హౌస్ పిళ్ళై అనే పిలిచేవాళ్ళట. ఇంటిపేరే మారిపోయిందన్నమాట. ఆ టైములో కేరళలో ఈఎంఎస్ నంబూద్రిపాద్ గారి కమ్యూనిస్టు ప్రభుత్వం, 1957 ఏప్రిల్‌లో వచ్చింది, 1959 జూలైలో కేంద్రం రద్దు చేసింది. ప్రభుత్వం పోయింది, కాఫీ హౌస్ మిగిలింది, మొన్న మేం కట్లెట్ తిన్నది ఆ సొసైటీ హోటల్లోనే. ఆ తర్వాత ఏడాదికి, 1960లో, కేరళ గవర్నర్‌గా వచ్చింది మన వి.వి. గిరి గారు. ఆయన కూడా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల యూనియన్ నడిపినాయనే, బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు గొడవలో 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు. ఈ ముక్క కూడా నాన్నదే, నాది కాదు.

బిల్లు తెచ్చినప్పుడు నాన్న ఆగలేక ఆ సర్వర్ గారినే అడిగేశాడు, నేను మధ్యలో వచ్చీరాని హిందీలో చెప్తున్నా. "ఓనర్లూ మీరే, వర్కర్లూ మీరే అయితే స్ట్రైక్ ఎవరి మీద చేస్తారయ్యా?" అని. ఆయన అప్పుడు నవ్వాడు, ఆ సాయంత్రం అదొక్కటే నవ్వు. "ఎలక్షన్లు వస్తాయి కద్సార్, అప్పుడు చూస్కుంటాం" అన్నాడు. తను గిన్నెలు కడిగే పనిలో చేరి సర్వర్ దాకా వచ్చాడట, అది చెప్పి ఇంకో టేబుల్ వాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాడు. గొప్పగా చెప్పుకున్నట్టూ లేదు, కష్టపడ్డానని చెప్పినట్టూ లేదు, బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

నాన్న నా వైపు తిరిగి "మీ హోటల్లో యూనియన్ ఉండేదిరా?" అన్నాడు. లేదన్నా. నిజానికి చెప్పాల్సింది ఇంకా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మా రెస్టారెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి మూసేశారు, ఇరవై ఆరు మందికి రెండు నెలల జీతాలు బాకీ. మా తందూర్ మాస్టర్ పెద్దాయన, అందరికీ ఫోన్లు చేసి లేబర్ ఆఫీసుకెళ్దాం రండి అని బతిమాలాడు. ఐదుగురెళ్ళారు. నేనెళ్ళలా. రేపు వేరే హోటల్లో ఉద్యోగానికెళ్తే గొడవలోడు అనుకుంటారని భయం, నాలాగే మిగతా ఇరవై మందీ. కలిసెళ్తే జీతాలొచ్చేవో లేదో నాకు తెలీదు, ఆ ఐదుగురికైతే రాలా. ఈ మాట అక్కడ నాన్నకి చెప్పబోయి మళ్ళీ కట్లెట్ తినడంలో పడ్డా. చందా రసీదులు దాచుకునే మనిషికి ఆ కథ ఎట్టా చెప్తాం చెప్పండి.

అట్టాగని దాన్ని గుడిలా చూడక్కర్లేదు, హోటలే అది. ఏసీ ఉండదు, మెత్తటి సోఫాలుండవు, వైఫై పెట్టుకుని మూడు గంటలు కూర్చునే కాఫీ షాపు కాదు. జనం వస్తారు, తింటారు, బస్సెక్కుతారు. మా పక్క టేబుల్లో ఒక లాయర్ గారు నల్లకోటు మడత పెట్టి బెంచీ మీద పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు, ఎదురుగా లోడింగ్ కార్మికులిద్దరు ఎర్ర తువ్వాళ్ళతో. అందరికీ ఒకే రకం ప్లేటు, ఒకే రకం తలూపు. హోటల్ పనిచేసినోడిగా చెప్తున్నా, ఇది ట్రైనింగ్ ఇచ్చి నేర్పిస్తే వచ్చేది కాదు.

అంత దూరం వెళ్ళలేం అనుకునే మనోళ్ళకి బెంగళూరులో ఉంది. ఎంజీ రోడ్డు మీద యాభై ఏళ్ళ దాకా నడిచి 2009లో అక్కడ మూతపడి చర్చ్ స్ట్రీట్‌కి మారింది, సాఫ్ట్‌వేర్ జనం చాలామంది అటు వెళ్ళే ఉంటారు, సర్వరే ఓనరని తెలిసి ఉండదు. కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లోది ఇంకా పేరున్నది, కానీ నేను చూళ్ళేదు కాబట్టి చెప్పను. దేశంలో ఇట్టాంటి సొసైటీలు పదమూడు ఉన్నాయట, ఒక్క కేరళలోనే రెండు, ఒకటి త్రిశ్శూర్ వాళ్ళది, రెండోది కన్నూర్ వాళ్ళది. ఒక్కో చోట రుచి ఒక్కో రకం, కాబట్టి నా బీట్‌రూట్ లెక్క అన్నిటికీ వేసుకోకండి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: తిండికి ఐదుకి మూడున్నర, బిల్డింగ్‌కి ఐదు, సర్వీస్‌కి ఐదు, రేటుకి ఐదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళుంటే పైకి ఎక్కించకండి, కింద చుట్టులోనే టేబుల్ ఖాళీ అయ్యేదాకా కాసేపు ఆగండి. పిల్లలుంటే వాళ్ళే పైదాకా పరిగెడతారు, సర్వర్ల చేతుల్లో వేడి కాఫీలుంటాయి, కాస్త చూసుకోండి. దోశ వద్దనుకుంటే కట్లెట్, ఆమ్లెట్ చెప్పుకోండి. కారం కావాలంటే మాత్రం మనం తీసుకెళ్ళిన పొడే గతి, మా అమ్మ బ్యాగులో ఉంది, కానీ అంతమంది ముందు తియ్యడానికి సిగ్గుపడి రైలెక్కాక తీసి ఇడ్లీలో వేసుకుంది.