జేసన్ మేలా, ఎక్స్‌ఎంఎల్ మేలా?

కొత్తగా ఏపీఐ (ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో మాట్లాడే మార్గం) రూపొందించే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: రెండు వ్యవస్థల మధ్య సమాచారం పంపడానికి జేసన్ వాడాలా, ఎక్స్‌ఎంఎల్ వాడాలా? రెండూ సమాచారాన్ని అక్షరరూపంలో రాసే పద్ధతులే. ఈ ప్రశ్నకు చాలామంది పరిమాణాన్ని చూపి జవాబు చెబుతారు. ప్రతి ట్యాగునూ (సమాచారానికి పేరు పెట్టే గుర్తు) తెరిచి మూయాలి కాబట్టి ఎక్స్‌ఎంఎల్ బరువైనదన్న మాట నిజమే. అయితే పదే పదే వచ్చే ట్యాగులను జీజిప్ అనే కుదింపు పద్ధతి బాగా కుదిస్తుంది కనుక నెట్‌వర్కు మీద ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, అందుకున్న ప్రోగ్రాము ఎంతవరకు ఊహ మీద ఆధారపడవలసి వస్తుందన్నది.

ఒక దుకాణం నుంచి ఆర్డరు వివరాలు వస్తున్నాయనుకుందాం. ఎక్స్‌ఎంఎల్‌లో వస్తువు అనే ట్యాగు మూడుసార్లు ఉంటే, దాన్ని ఆబ్జెక్టుగా మార్చే లైబ్రరీలు చాలావరకు మూడు వస్తువుల జాబితాను ఇస్తాయి. మరో కొనుగోలుదారు ఒకే వస్తువు కొన్నప్పుడు అదే లైబ్రరీ జాబితాకు బదులు విడి వస్తువును ఇస్తుంది. జాబితా వస్తుందని నమ్మి రాసిన లూపు అక్కడ విఫలమవుతుంది. ట్యాగు మధ్య 2 అని ఉంటే అది సంఖ్యా, స్ట్రింగా (అక్షరాల వరుసా) అన్నది స్కీమా (ఏ ట్యాగులో ఏ రకం సమాచారం ఉండాలో చెప్పే పత్రం) చూస్తే తప్ప తెలియదు. జేసన్‌లో ఈ సందేహాలకు తావులేదు. ఒకే వస్తువు ఉన్నా, అసలేమీ లేకపోయినా చదరపు బ్రాకెట్లు అది జాబితా అని చెబుతాయి. కోట్స్ మధ్య ఉన్న 2 స్ట్రింగు, కోట్స్ లేని 2 సంఖ్య. 2000ల తొలినాళ్లలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఉన్న కొద్దిపాటి రకాలకు దాదాపు ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోనూ సరిజోడు ఉంది కాబట్టి, పంపినది పంపినట్టే అవతల తెరుచుకుంటుంది.

అంతమాత్రాన ఎక్స్‌ఎంఎల్ కాలం చెల్లిందని అనలేము. వాక్యం మధ్యలో ఒక పదాన్ని ప్రత్యేకంగా గుర్తించవలసిన పత్రాలకు అదే సహజమైనది. డిజిటల్ సంతకంతో వచ్చే ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటుంది, యూపీఐ సందేశాలూ అంతే. వాటితో పనిచేసేవారికి ఎంపిక అన్నదే లేదు. మరోవైపు జీఎస్‌టీ రిటర్నుల ఆఫ్‌లైన్ సాధనం జేసన్ ఫైలునే తయారుచేస్తుంది, ఆదాయపు పన్ను రిటర్నులు కూడా 2021లో ఎక్స్‌ఎంఎల్ నుంచి జేసన్‌కు మారాయి.

యామల్ అనే మరో పద్ధతి మనిషి చేత్తో రాసే కాన్ఫిగరేషన్ (ప్రోగ్రాము అమరికల) ఫైళ్లకు బాగుంటుంది. కానీ దాని 1.1 నియమాల ప్రకారం కోట్స్ లేకుండా రాసిన నార్వే దేశపు రెండక్షరాల సంకేతం (NO) ‘కాదు’ అన్న అర్థమిచ్చే ఫాల్స్‌గా మారిపోతుంది కాబట్టి, వ్యవస్థల మధ్య సమాచార మార్పిడికి దాన్ని సూచించను. వరుసలు, నిలువు వరుసలు తప్ప మరేమీ లేని పట్టికలకు, విలువలను కామాలతో విడదీసి రాసే సీఎస్‌వీ చాలు.

జేసన్ ఎంచుకున్నవారు మూడు విషయాల్లో జాగ్రత్త వహించాలి. జావాస్క్రిప్టులో 9007199254740991 దాటిన పూర్ణాంకాలకు కచ్చితత్వం హామీ ఉండదు కనుక, పొడవైన లావాదేవీ సంఖ్యలను స్ట్రింగులుగానే పంపాలి. తేదీకి ప్రత్యేక రకం లేదు కనుక ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పే తేదీ రూపాన్ని ముందే ఒప్పుకోవాలి. మూడవది తెలుగు సమాచారంతో పనిచేసేవారికి మరీ ముఖ్యం: పైథాన్ జేసన్ లైబ్రరీ, మార్చమని చెప్పకపోతే, ప్రతి తెలుగు కోడ్ పాయింటునూ (ఒక అక్షరానికో గుర్తుకో యూనికోడ్ ఇచ్చే సంఖ్య) ఆరు ఆస్కీ (సాధారణ ఇంగ్లీషు) అక్షరాల ఎస్కేప్ సంకేతంగా రాస్తుంది. అక్షరాలను నేరుగా నిల్వచేసే యూటీఎఫ్-8లో మూడు బైట్లు చాలినచోట ఆరు ఖర్చవుతాయి, లాగ్ ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు పేరూ చదవడానికి వీలుకాదు. బహిరంగ వ్యవస్థల మధ్య మార్పిడికి యూటీఎఫ్-8 తప్పనిసరి అని 2017లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259 చెబుతోంది కాబట్టి, పైథాన్‌లోని ensure_ascii అనే అమరికను ఫాల్స్‌గా మార్చి తెలుగును తెలుగుగానే పంపడానికి సంకోచించనక్కరలేదు.